వంటగది వెనక దిబ్బ

శాంతినగర్ కాలనీ,
విజయవాడ.
ఆగస్టు, 1999.

ఫౌజియా నాన్నకి,

అఫ్సా సలాములు. ఇక్కడ నేనూ, అత్తమ్మా, పిల్లా ఒంటికి ఏ జబ్బూ లేకుండా ఉన్నాం. మీరూ అక్కడ అలాగే ఉండాలని అల్లాని అడుగుతున్నాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ చోట "అందరం క్షేమం" అని రాసేదాన్ని. ఈసారి ఆ మాట దగ్గర కలం ఆగిపోయింది. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అందుకని ఒంటి సంగతి మాత్రం రాశాను. మిగతాది కిందికి వస్తున్నకొద్దీ మీకే తెలుస్తుంది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. ఫౌజియాకి దగ్గు తగ్గింది. పోర్ట్‌బ్లెయిర్ అంటే ఓడలోనే ఇల్లు కట్టుకుని ఉంటారనుకుంటోంది. "నాన్న మంచం కదులుతుందా?" అని నిన్న కూడా అడిగింది. అత్తమ్మ మోకాళ్ళకి డాక్టరుగారు రాసిన నూనె రోజూ పట్టిస్తున్నాను. నమాజుకి కుర్చీలో కూర్చోవడానికి ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు, కిందే కూర్చుంటానంటుంది. మిక్సీ వైరుకి మీరు చెప్పినట్టు టేపు చుట్టాను, షాకు కొట్టడం లేదు. అక్కడ వానలు ఎడతెరిపి లేకుండా కురుస్తున్నాయని రాశారు. తడిచిన చేతులతో కరెంటు పని చెయ్యకండి. మీకు తెలియక కాదు, రాయకపోతే నాకు నిద్రపట్టదు.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "యానాదుల ఇళ్ళ మీటింగు ఎప్పుడు? పదిమందితోపాటు చెయ్యెత్తు, పదిమందితోపాటు దించు. మనకి వేరే మాట వద్దు" అని రాశారు. ఆ ఉత్తరం మీటింగుకి ముందే అందింది. అలాగే చేశానా అంటే, దీనికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను. మొదటినించీ చెప్తాను. మధ్యలో ఉత్తరం మడిచి పక్కన పెట్టకండి. చివరిదాకా చదివి, అప్పుడు కోప్పడండి.

మన వెనకున్న యానాదుల దిబ్బ మీద ప్రభుత్వం వాళ్ళకే పక్కా ఇళ్ళు కడుతుందని, దానికి మీటింగు పెడతారని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఆ దిబ్బ వాళ్ళదే. మన కాలనీ లేనప్పుడు, ఇదంతా మాగాణిగా ఉన్నప్పుడు కూడా వాళ్ళ చుట్టిళ్ళు అక్కడే ఉన్నాయట. తరవాత ఎప్పుడో ప్రభుత్వం ఆ నేలని వాళ్ళ పేర రాసింది. ఎవరూ కొనకూడదు, వాళ్ళూ అమ్మకూడదు. ఇప్పుడక్కడ ఇళ్ళు కట్టేముందు పక్కనున్న మన అభిప్రాయం కూడా తెలుసుకోవాలని ఎమ్మార్వోగారు ఆదివారం మన కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు.

దానికి ముందు తిరుపతిరావుగారు మన ఇంటికి వచ్చారు. మనకి స్థలం అమ్మిన మనిషి, పైగా అసోసియేషన్ ప్రెసిడెంటు. కుర్చీ వేసి టీ ఇచ్చాను. అత్తమ్మ తలుపు పక్కన కూర్చుని ఉంది.

"ఏం చెల్లెమ్మా, మావాడు ఉత్తరాలు రాస్తున్నాడా?" అన్నారు.

"రాస్తున్నారండీ."

"ఆదివారం నువ్వు మీటింగుకి రావాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తమంటారు. అందరం ఎత్తుతున్నాం."

"ఆయన ఊళ్ళో లేరు కదండీ, నేనెందుకు..."

"అందుకే రమ్మనేది. కాలనీ మొత్తానికి సాయిబుల ఇల్లు మీదొక్కటే. నువ్వు రాకపోతే జనం ఇంకోలా అనుకుంటారు. మీకు స్థలం ఇవ్వొద్దని ఆనాడు ఎంతమంది అన్నారో నీకు తెలీదు. నేను పట్టుబట్టి ఇచ్చా."

ఆ మాట మెత్తగానే అన్నారు. ఆయన లేచి, అడక్కుండానే వంటగదిలోకి నడిచి, బండి తాళంతో వెనక గోడ మీద టక్ టక్‌మని కొట్టారు.

"ఇళ్ళు శాంక్షనైతే ముందు సర్వే చేస్తారమ్మా. కొలత గొలుసు పడిందంటే ఈ వరసలో అందరి వెనక గోడలూ పోతాయి. అందరికీ తలా కాస్త. మీకు మాత్రం వంటగది మొత్తం."

"హద్దు మీరేగదండీ చూపించింది?" అన్నాను. ఎలా అనగలిగానో తెలియదు.

ఆయన నవ్వారు. "నేను చూపించానని ఎక్కడైనా రాసుందా? చెయ్యెత్తు చెల్లెమ్మా. నీ మంచికే చెప్తున్నా" అని టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

ఆ రోజునించీ నాకు ఇల్లు ఇల్లులా లేదు. గోడ అవతల ఎవరు నడిచినా గొలుసు తెచ్చారేమో అనిపించేది. మీరు పోయినసారి సెలవులో వచ్చి, ఎండలో నిలబడి కట్టించిన గది. గట్టు ఎత్తు నా నడుముకి సరిపోవాలని మేస్త్రీతో దెబ్బలాడి మళ్ళీ వేయించారు. ఆ గట్టు దగ్గర నిలబడి అన్నం వారుస్తుంటే, ఇది ఎవరి నేల మీద ఉంది అనే ధ్యాసే. ఎవరినైనా అడగాలి. కాలనీలో ఎవరినీ అడగలేను.

ఆ గోడ అవతల ఒక ముసలావిడ అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటుందని మీకు చెప్పాను. నీడ కోసం కూర్చుంటుందని మీరన్నారు. ఆవిడ పేరు అమలమ్మ. కొడుకు జక్కయ్య, రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. ఇళ్ళ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగింది అతనే. కోడలు మార్త, మన ఫౌజియా వెళ్ళే బాలవాడిలో ఆయా. ఫౌజియాకి అన్నం తినిపించేది మార్తే. ఒక సాయంత్రం మార్త పిల్లని దింపడానికి వచ్చినప్పుడు, "మీ అత్తగారు ఇక్కడ ఎందుకు కూర్చుంటుంది?" అని అడిగాను. మార్త తల వంచుకుంది. "ఆమెనే అడుగక్కా" అంది.

వెనక తలుపు తీసి వెళ్ళాను. అత్తమ్మ కూడా గోడ పట్టుకుని నా వెనకే వచ్చింది.

"మా ఆయన ఇక్కడున్నాడు తల్లీ" అంది అమలమ్మ. "మా పెద్దపిల్ల కూడా. మా వాళ్ళందరినీ ఈ పడమటి మూలే పెట్టేవాళ్ళం. మీ కాలనీ కోసం లారీలతో మట్టి తోలి చదును చేశాక గుర్తులు పోయాయి. మీ పొయ్యి ఉందే, దాని కిందే ఎక్కడో ఉంటారు."

"కట్టేటప్పుడు చెప్పలేదేం?" అన్నాను.

"ఇటుకలు దిగిన రోజే వచ్చి చెప్పా. తిరుపతిరావుగారు కర్రెత్తుకుని మీదికొచ్చాడు. ఇంకెవరికి చెప్పేది? ఇల్లు కట్టుకునేవాళ్ళు మీరు ఎవరో ఏంటో."

ఇటుకలు దిగినప్పటికి మీరింకా ఓడలో ఉన్నారు. మీకు ఈ సంగతి తెలియదని నాకు తెలుసు. అత్తమ్మతో కూడా అదే అన్నాను.

అత్తమ్మ మాత్రం ఆ రోజునించీ ఆ గదిలో వండిన అన్నం ముట్టలేదు. నేను కంచం తీసుకెళ్ళి ముందు పెడితే పక్కకి జరిపింది. "మీ మామగారి ఖబరు మంగళగిరిలో ఉంది. దాని మీద ఎవరైనా పొయ్యి పెడితే నా కొడుకు ఊరుకుంటాడా? ఆ మెతుకు నా గొంతు దిగదమ్మా" అంది. రెండు పూటలు అరటిపళ్ళూ బ్రెడ్డూ తిని ఊరుకుంది. నేను కిరసనాయిలు స్టవ్ వరండాలోకి తెచ్చుకున్నాను. పక్కింటి రామతులసి, "ఇదేంటి అఫ్సా, ఇక్కడ వండుతున్నావు?" అంటే, గ్యాసు లీకవుతోందని చెప్పాను.

అప్పటికి కూడా నేను మీరు చెప్పినట్టే చెయ్యెత్తుదామని అనుకుంటున్నాను. ఇది దాచడం ఎందుకు? అత్తమ్మ అన్నదీ సబబుగానే ఉంది, అయినా మనం పోయి ఎక్కడుంటాం? అందరూ ఒకటై మనల్ని వెలివేస్తే పిల్లని పెట్టుకుని నేనొక్కదాన్నీ ఏం చెయ్యను? చెయ్యెత్తితే ఇళ్ళు ఆగిపోతాయి, సర్వే ఆగిపోతుంది, మన గది ఉంటుంది. వరండాలో వండుకుంటే సరిపోతుంది. అలా సర్ది చెప్పుకున్నాను.

శనివారం పొద్దున మార్త పరిగెత్తుకుంటూ వెనక తలుపు దగ్గరికొచ్చింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"అక్కా, మా ఆయన్ని పోలీసులు తీసుకెళ్ళారు. మీ కాలనీ ట్యాంకు మోటారు పోయిందంట. మా ఆయన తీశాడంట. రేపు మీటింగులో మాట్లాడాల్సినవాడు ఆయనే గదా అక్కా!"

ఆ మోటారు ఎక్కడుందో నాకు తెలుసు. అంతకుముందు రోజే, నేను కుట్టే జాకెట్లకి లైనింగ్ గుడ్డ కోసం బెంజ్ సర్కిల్ వెళ్ళి ఆటోలో తిరిగొస్తుంటే, దారిలో వైండింగ్ షాపు ముందు ఆ మోటారు చూశాను. మన ట్యాంకు మీద పూసిన నీలం రంగే దాని మీదా ఉంది. తిరుపతిరావుగారి దగ్గర పనిచేసే మనిషి రిక్షాలోంచి దాన్ని దింపుతున్నాడు. రిపేరుకి తెచ్చారు కాబోలు, సాయంత్రానికి నీళ్ళు రావులే అనుకుని బకెట్లు నింపిపెట్టుకున్నాను కూడా.

ఆ మాట మార్తకి చెప్పలేదు. చెప్తే తను స్టేషనుకి పరిగెడుతుంది, ఎవరు చెప్పారని వాళ్ళడుగుతారు, నా పేరు చెప్తుంది. నా కళ్ళ ముందు తిరుపతిరావుగారి తాళం చెయ్యే కనబడుతోంది. "ధైర్యంగా ఉండు మార్తా" అన్నాను. నా పిల్లకి రోజూ అన్నం తినిపించే మనిషితో ఆ ఒక్క ముక్కే అనగలిగాను. తను వెళ్ళాక తలుపేసుకున్నాను.

ఆదివారం బురఖా వేసుకుని, ఫౌజియాని అత్తమ్మ దగ్గర వదిలి మీటింగుకి వెళ్ళాను. ముందు కుర్చీలన్నీ మన కాలనీవాళ్ళవే. యానాదులు వెనక గుమ్మం దగ్గర నిలబడ్డారు, చెప్పులు బయట విప్పి. వాళ్ళకి కుర్చీలు వెయ్యలేదు. వాళ్ళూ అడగలేదు. ఎవరి నేల గురించి మీటింగో వాళ్ళే గుమ్మంలో నిలబడితే, పక్కనున్న మేము ఫ్యాను కింద కూర్చున్నాం.

ఎమ్మార్వోగారు కుర్రవాడే, కొత్తగా వచ్చినట్టున్నారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. మురుగు పెరుగుతుందని ఒకరు, ఎలకలు పట్టి కాల్చుకు తింటారని ఒకరు, మా స్థలాల ధరలు పడిపోతాయని ఇంకొకరు. తిరుపతిరావుగారు ఆఖర్న లేచి, "ఇవన్నీ ఎందుకండీ, మొన్న మా ట్యాంకు మోటారే ఎత్తుకుపోయారు. ఈ గుడిసెలే ఇలా ఉంటే పక్కా ఇళ్ళు కట్టిస్తే మేం తలుపులు తీసుకుని పడుకోగలమా?" అన్నారు. హాలంతా అవునవునంది. వెనక్కి తిరిగి చూశాను. మార్త అమలమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. ఏడవడం లేదు. మా వీపుల వైపే చూస్తోంది.

"అభ్యంతరం ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు ఎమ్మార్వోగారు.

నేను చెయ్యెత్తాను. మీరు రాసినట్టే పదిమందితోపాటు ఎత్తాను.

పదిమందితోపాటు దించేదాన్నే. అందరిలోకీ నల్ల బురఖా నా ఒక్కదానిదే కావడంవల్లో ఏమో ఎమ్మార్వోగారి చూపు నా మీద పడింది. "ఆడవాళ్ళెవరూ మాట్లాడలేదు. మీ అభ్యంతరం ఏమిటో చెప్పండమ్మా" అన్నారు.

లేచి నిలబడ్డాను. మురుగు అని చెప్దామనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. నోరు తెరిస్తే, "మోటారు వైండింగ్ షాపులో ఉందండీ" అని వచ్చింది.

"ఏ మోటారమ్మా?" అన్నారాయన.

"మా ట్యాంకుదండీ. ప్రెసిడెంటుగారి మనిషే రిక్షాలో తెచ్చి షాపు ముందు దింపుతుంటే చూశాను. నీలం రంగుది. దాన్ని దొంగిలించాడని వీళ్ళ జక్కయ్యని నిన్న స్టేషనుకి తీసుకెళ్ళారు."

"ఆవిడకేం తెలుసండీ, ఇంట్లో మగవాళ్ళు లేరు, ఏదో చూసి ఏదో అనుకుంది" అన్నారు తిరుపతిరావుగారు. గొంతు నవ్వుతోంది, మొహం నవ్వడం లేదు.

ఎమ్మార్వోగారు షాపు ఎక్కడో అడిగి, పక్కనున్న మనిషిని స్కూటరు మీద పంపారు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని తెలిసి, నిలబడే ఇంకో మాట అన్నాను. "మా వంటగది కింద వీళ్ళ సమాధులున్నాయంటున్నారండీ. హద్దు కొలిపించండి. మా గది వాళ్ళ నేలలో ఉంటే ఉందని తేల్చండి. తెలియకుండా ఉండటం నావల్ల కావడం లేదు."

వెనకనించి ఎవరో "కూర్చోవే" అన్నారు. ఎవరో నేను చూడలేదు.

ఎమ్మార్వోగారు అప్పుడు మొదటిసారి గుమ్మం వైపు చూశారు. "మీలో ఎవరు మాట్లాడతారు?" అన్నారు.

"మాట్లాడేవాడు స్టేషన్లో ఉన్నాడు సార్" అంది మార్త.

అమలమ్మ ముందుకొచ్చింది. "ఇళ్ళు కావాలయ్యా. వానకి తడవని కొంప ఎవరికొద్దు? కాకపోతే మీరు గీసిన కాయితంలో ఈ పడమటి మూల కూడా ఇళ్ళే గీశారంట, నా కొడుకు చెప్పాడు. ఎక్కడ కట్టాలో మమ్మల్ని ఒక్కరూ అడగలా. మా వాళ్ళ మీద ఈ అమ్మ తెలియక కాపురం చేసింది. మేం తెలిసి చెయ్యలేం. ఆ మూల వదిలేసి మిగతా చోట కట్టండి" అంది. ఆవిడ మాట్లాడినంతసేపూ ఆయన రాసుకున్నారు.

స్కూటరు మనిషి వచ్చి మోటారు షాపులోనే ఉందన్నాడు. పొరపాటు జరిగిందన్నారు తిరుపతిరావుగారు. సాయంత్రానికి జక్కయ్యని వదిలారు. కుంటుకుంటూ వచ్చాడు. ఏం జరిగిందని మార్త అడిగితే కాలు జారిందని చెప్పాడట.

ఇక ఆ తరవాత మా బతుకు. ఆ సాయంత్రమే అసర్ నమాజయ్యాక ఫౌజియా వరండాలో ఆడుకుంటుంటే రేకుల మీద పెద్ద రాయి పడింది. పిల్ల కెవ్వుమని నా ఒళ్ళోకి దూకింది. మర్నాడు కూడా అదే వేళకి పడింది. ఎవరు వేస్తున్నారో చూద్దామని నేను బయటికి వెళ్ళలేదు. చూస్తే వాళ్ళ మొహాలు తెలిసిపోతాయి, రోజూ ఆ మొహాల మధ్యే నడవాలి. ట్యాంకు నీళ్ళు అందరికీ వస్తున్నాయి, మన కొళాయికి మాత్రం రావడం లేదు. వాల్వు పాడైందన్నారు. కుట్టమని ఇచ్చిన జాకెట్ల గుడ్డలు ఒక్కొక్కళ్ళే వచ్చి, కత్తెర పెట్టావా, పెట్టకపోతే ఇచ్చెయ్యి అని తీసుకెళ్ళారు. రామతులసి మాత్రం గోడ మీదినించి, "ఎందుకు చేశావే? సర్వే అయితే మా బాత్రూం పోతుంది. నా మొగుడు నీతో మాట్లాడొద్దన్నాడు" అంది. ఆ మాట చెప్పడానికైనా మాట్లాడిందని సంతోషించాను. అంత ఒంటరిగా ఉంది నాకు.

నీళ్ళకి దిబ్బ మీది బోరింగుకి వెళ్తున్నాను. బిందెలు పట్టుకుని వెళ్తుంటే కాలనీ మేడల మీదినించి చూస్తారు. నడుస్తున్నంతసేపూ వీపు మంట పెడుతుంది.

సర్వేయరు వచ్చి గొలుసు వేశాడు. పాత హద్దురాయి రామతులసి వాళ్ళ చెత్తకుప్ప కింద దొరికింది. వాళ్ళ బాత్రూంలో సగం, మిగతావాళ్ళ గోడలు కాస్త కాస్త, మన వంటగది మొత్తం అటుపక్కే ఉన్నాయి. మిగతా ఇల్లు మనదే, దానికి భయం లేదన్నాడు. తిరుపతిరావుగారు వరస ఇళ్ళవాళ్ళని పిలిచి, "కోర్టుకెళ్ళి స్టే తెస్తా. ఏళ్ళు పడుతుంది. ఒక్కరు కూడా ఇటుక కదపొద్దు. ఒక్కరు కదిపినా కేసు పోతుంది" అన్నారు. అంటూ నావైపు చూశారు.

ఇప్పటిదాకా రాయలేకపోయింది ఇక్కడే చెప్తున్నాను. కోప్పడే చోటు ఇదే. మన వంటగది లేదు. నేనే పడగొట్టించాను.

మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారు, వద్దన్నాక చెయ్యలేను. ఎవరి ఆర్డరూ రాలేదు. కోర్టులో ఏళ్ళు పడుతుందని ఆయనన్నప్పుడు, ఆ ఏళ్ళన్నీ ఆ గోడ పక్కన అమలమ్మ కూర్చుంటుంది, లోపల అత్తమ్మ ఆ గదిలో అడుగు పెట్టదు, మధ్యలో నేనుంటాను అనిపించింది. రాళ్ళకంటే అదే ఎక్కువ భయం వేసింది. మంచి పని చేస్తున్నానన్న ధైర్యమేమీ లేదు. అయినా జక్కయ్యని పిలిచి చెప్పాను. "ఆలోచించుకున్నావా అమ్మా? నీ మీదికొస్తారు" అన్నాడు. "తొందరగా కానియ్, మళ్ళీ మనసు మారుతుంది" అన్నాను.

పట్టపగలే దించారు. రేకులు ముందు, తరవాత గోడలు. మీరు మళ్ళీ వేయించిన ఆ గట్టు పగలగొడుతుంటే లోపలికెళ్ళి దిండులో మొహం పెట్టుకున్నాను. అత్తమ్మ మాత్రం కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చుంది. కుర్చీ వద్దనే మనిషి! నేల గచ్చు తీసేశాక అమలమ్మ వచ్చి మట్టి గడ్డలు చేత్తో చిదిమి సాపు చేసింది. ఏడవలేదు. తరవాత అత్తమ్మ నాతో, "స్టవ్ వెలిగించు, ఆకలిగా ఉంది" అంది.

తిరుపతిరావుగారు రోడ్డు మీద నిలబడి అంతా చూశారు. లోపలికి రాలేదు. "మీ ఆయన్ని రానీ చెల్లెమ్మా, అతనితోనే మాట్లాడతా" అని వెళ్ళిపోయారు. మీరు వచ్చేటప్పుడు ఒక్కరే స్టేషన్నించి నడిచి రావద్దు. ఏ బండికి వస్తున్నారో ముందే రాయండి, అన్నయ్యని పంపిస్తాను.

ఇంకొక్క సంగతి. ఇళ్ళు ఎప్పటికి కడతారో తెలియదు. కేసు వేశారట, ఆగుతాయో ఏమో. పడమటి మూల మాత్రం ఇళ్ళ లెక్కలోంచి తీసేశానని ఎమ్మార్వోగారు వచ్చి చెప్పి వెళ్ళారు. కేసు తేలేదాకా ఆగలేమని, దిబ్బవాళ్ళే సర్వే రాళ్ళ వెంట తుమ్మకంప కంచె వేసుకుంటున్నారు. అవతలి చివరనించి, గోడలు అడ్డున్నచోట వాటిని చుట్టి, వేసుకుంటూ వస్తున్నారు. ఇవాళ రామతులసి ఇంటి వెనక దాకా వచ్చింది. జక్కయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడి అడిగాడు.

"అమ్మా, నీళ్ళకి మా బోరింగుకే గదా వస్తున్నావు. కంచె మూసేస్తే రోడ్డు చుట్టూ తిరిగి రావాలి. మీ ఇంటి వెనక మనిషి పట్టేంత దారి వదలమంటావా? నువ్వు వద్దంటే మూసేస్తాం. మాకేం కోపం లేదు."

నేల వాళ్ళది, కంచె వాళ్ళది. అయినా నన్ను అడిగాడు. ఇన్నాళ్ళ ఈ గొడవలో నన్ను భయపెట్టకుండా ఒక మాట అడిగిన మనిషి అతనొక్కడే.

"మా ఆయన్ని అడిగి చెప్తా" అన్నాను. దారి వదిలితే కాలనీ అంతా చూస్తుంది. పడగొట్టింది భయపడి అనుకునేవాళ్ళు కూడా, ఇది భయం కాదు, ఇష్టపడే అటు చేరింది అంటారు. ఇక రాళ్ళతో ఆగుతారో లేదో తెలియదు. ఇదంతా ఆలోచించే మీ పేరు చెప్పి తప్పించుకున్నాను.

కానీ ఈ ఉత్తరం ఓడెక్కి మీకు చేరి, మీరు జవాబు రాసి, అది నాకు అందేదాకా కంచె ఆగదు. రేపు మన ఇంటి వెనక్కి వస్తుంది. కంప నరుకుతున్న చప్పుడు ఇది రాస్తుంటే వినపడుతోంది. మీరేమంటారో నాకు తెలియదు. ఒకవేళ మీరు వద్దని రాస్తే ఆ ఉత్తరం నేను చదివేసరికి ఆలస్యమై ఉంటుంది. జక్కయ్యకి వదలమనే చెప్తాను. భయం తగ్గిందని కాదు. అయినా ఇది ముగించి, వెనక తలుపు తీసి, వెళ్ళి చెప్తాను.

జవాబులో ముందు మీ ఆరోగ్యం రాయండి. తిట్లుంటే తరవాత రాయండి.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూస్తూ, మీ ఫౌజియా తల్లి,
అఫ్సా